గవర్నర్ల ఇంటి కాగితాల్లో తిరుపతి సీమ

శేషాచలం పాదాన ఉన్న అలిపిరి, దాని చుట్టూ ఉన్న తిరుపతి, చంద్రగిరి, చిత్తూరు ప్రాంతాలు 1801 జూలై 31న పూర్తిగా ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. కంపెనీ తానే ఎంచి ఆర్కాటు గద్దె ఎక్కించిన అజీముద్దౌలా ఆ రోజు కర్ణాటక రాజ్యపాలనను రాసిచ్చేశాడు. నికర రాబడిలో ఐదో వంతు ఆయనకు మిగిలింది. మద్రాసు నుంచి ఈ వ్యవహారమంతా నడిపించిన గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్. 1751లో ఆర్కాటు కోట ముట్టడితో పేరు మోగిపోయిన రాబర్ట్ క్లైవ్‌కు పెద్ద కొడుకు. ఎడ్వర్డ్ 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరుగా ఉండి, ఇంటికి తిరిగి వెళ్ళిన మరుసటి ఏడాది పోవిస్ ప్రభువయ్యాడు. తండ్రీకొడుకుల కాగితాలు కొంత లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీకి, కొంత అబెరిస్ట్‌విత్‌లోని వేల్స్ జాతీయ గ్రంథాలయానికి చేరాయి. తిరుపతి సీమ చేతులు మారిన కథను లోపలి నుంచి చూడాలంటే ఆ కట్టలు విప్పక తప్పదు.

సర్కారు రికార్డులు ఉండగా ఇంటి కాగితాలతో పనేమిటంటే, కంపెనీ పాలన రెండు రకాల ఉత్తరాల మీద నడిచేది. ఒకటి కౌన్సిల్ ముందు పెట్టి, పుస్తకంలో నకలు రాయించి, లండన్‌కు ఓడలో పంపే అధికార లేఖ. రెండోది ఒక పెద్దమనిషి మరో పెద్దమనిషికి సొంతంగా రాసుకునే లేఖ. ఎవరిని ఏ పదవిలో పెట్టాలి, ఏ నవాబును ఎంతవరకు నమ్మాలి అన్న మాటలు ముందు ఈ రెండో రకం ఉత్తరాల్లో తేలేవి. మొదటి రకంలో వాటికి మర్యాదైన రూపం వచ్చేది. గవర్నర్ జనరల్ వెల్లస్లీకి, ఎడ్వర్డ్ క్లైవ్‌కు మధ్య నడిచినవి ఇలాంటివే. అధికార లేఖల నకళ్ళు కచేరీలో ఉండిపోయేవి. సొంత ఉత్తరాలను మాత్రం గవర్నరు దిగిపోయేటప్పుడు తన సామానుతో పాటు మూటగట్టుకుపోయేవాడు. అది తప్పని ఆ రోజుల్లో ఎవరూ అనుకోలేదు. వలస పాలన చరిత్రలో సగం ఇలా కోటల్లో, జమీందారీ భవనాల్లో ఉండిపోయి, తరాల తర్వాత గాని గ్రంథాలయాలకు రాలేదు.

ఆర్కాటు రాజ్యం కంపెనీపరం కావడానికి సాకుగా నిలిచింది కూడా ఒక ఇంటి కాగితాల కట్టే. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది. టిప్పు సుల్తాను దఫ్తరాల్లో ఫార్సీ ఉత్తరాలు దొరికాయి. 1792 సంధి కింద టిప్పు ఇద్దరు కొడుకులను మద్రాసులో తాకట్టుగా ఉంచినప్పుడు వాళ్ళ వెంట గులాం అలీ ఖాన్, అలీ రజా ఖాన్ అనే వకీళ్ళు వచ్చారు. ఆర్కాటు నవాబు వాలాజా, ఆయన కొడుకు ఉమ్దతుల్ ఉమ్రా తమతో అన్న మాటలను ఈ వకీళ్ళు టిప్పుకు రాసి పంపారు. ఆ కట్టలోనే ఒక సంకేత పదాల పట్టీ కూడా ఉంది. దాని ప్రకారం ఇంగ్లీషువాళ్ళు ‘కొత్తగా వచ్చినవాళ్ళు’, నిజాం ‘శూన్యం’, మరాఠాలు ‘తుచ్ఛులు’, ఆర్కాటు నవాబు ‘మానవజాతి మిత్రుడు’. ఈ పట్టీని, ఉత్తరాలను పరిశీలించి 1800లో నివేదిక ఇచ్చినవాడు ప్రభుత్వ ఫార్సీ అనువాదకుడు నీల్ బెంజమిన్ ఎడ్మన్‌స్టోన్. ఆయన తండ్రి పార్లమెంటు సభ్యుడు. ఎడ్మన్‌స్టోన్ కుటుంబ పత్రాలు ఇప్పుడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి.

ఇంతకూ ఆ ఉత్తరాల్లో కుట్ర ఉందా? ఉన్నవి చాలావరకు దర్బారు మర్యాదలు, పొగడ్తలు, యోగక్షేమాలు. కంపెనీ కొలువులోనే పనిచేసిన చరిత్రకారుడు జేమ్స్ మిల్ సైతం ఈ సాక్ష్యం నిలబడదని వాదించాడు. ఆ వాదనలో న్యాయముంది. టిప్పు చేతికి ఒక్క సిపాయిని గాని, ఒక్క రూపాయిని గాని ఇచ్చినట్లు ఆ కాగితాలు చూపలేదు. అయినా 1801 జూలై 15న, అప్పటికి నవాబుగా ఉన్న ఉమ్దతుల్ ఉమ్రా కన్నుమూయగానే క్లైవ్ తరఫున జోసయ్య వెబ్, కర్నల్ బారీ క్లోజ్ ఈ ఆరోపణను ముందు పెట్టుకుని వారసుడు అలీ హుసేన్‌తో బేరానికి కూర్చున్నారు. రాజ్యం రాసివ్వడానికి ఆ యువకుడు ఒప్పుకోలేదు. దాంతో ఆయన్ను పక్కకు నెట్టి అజీముద్దౌలాను తెచ్చారు.

క్లైవ్ ఇంటి కాగితాల్లో రాజకీయం ఒక్కటే లేదు. ఎడ్వర్డ్ భార్య హెన్రియెట్టా తన కూతుళ్ళు హెన్రియెట్టా, షార్లట్‌లను, అన్నా టొనెల్లీ అనే ఇటలీ చిత్రకారిణిని వెంటబెట్టుకుని 1800లో మద్రాసు నుంచి మైసూరు దాకా, అక్కడి నుంచి దక్షిణాది ఊళ్ళ మీదుగా నెలల తరబడి ప్రయాణం చేసింది. తల్లి ఉత్తరాలు, పదమూడేళ్ళ షార్లట్ రాసుకున్న దినచర్య ఈనాటికీ ఉన్నాయి. గుడారాలు, ఏనుగులు, పక్షులు, రాళ్ళు, మొక్కలు, అంతఃపురపు స్త్రీల మాటలు అన్నీ వాటిలో ఉన్నాయి. గవర్నరు లేఖల్లో పరగణాల జమ తప్ప కనిపించని నేల వీళ్ళ రాతల్లో మనుషులతో కనిపిస్తుంది. ఆ షార్లటే తర్వాత నార్తంబర్లండ్ డచెస్ అయి, విక్టోరియా రాణి చిన్నతనంలో ఆమెకు సంరక్షక ఉపాధ్యాయినిగా పనిచేసింది. టిప్పు గుడారం, ఇంకా కొన్ని వస్తువులు పోవిస్ కోటకు చేరి అక్కడే ఉన్నాయి.

1801 ఒప్పందంతో కంపెనీకి పొలాలతో పాటు తిరుమల గుడి రాబడి కూడా నేరుగా వచ్చింది. నవాబుల కాలంలో ఆ రాబడిని గుత్తకు ఇచ్చేవారు. ఆదాయం ఉన్నచోట పోటీ తప్పదు కనుక 18వ శతాబ్దం నడిమి కాలంలో దాని కోసం తిరుపతి చుట్టుపక్కల సేనలు కొట్లాడుకున్నాయి. 1758లో నవాబు తమ్ముడు అబ్దుల్ వహాబ్ ఖాన్ చంద్రగిరి కోటను పట్టుకుని తిరుపతికి రక్షకుడినని చాటుకున్నాడు. కంపెనీ హయాంలో కలెక్టరు స్ట్రాటన్ 1803లో గుడి పూజలు, ఖర్చులు, మాన్యాలు, ఉద్యోగుల వివరాలతో రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. 1821లో గుడి పాలన నియమావళి అయిన బ్రూస్ కోడ్ వచ్చేదాకా పాలనకు అదే ఆధారం. అలిపిరి దగ్గర మెట్లెక్కిన యాత్రికుడు కొండ మీద సమర్పించిన కానుక ఈ విధంగా సర్కారు లెక్కల్లోకి ఎక్కింది. ఇంత పట్టు ఉన్నా, 1870 దాకా యూరోపియన్లెవరూ కొండెక్కలేదని జిల్లా మాన్యువల్ చెబుతుంది. గుడి గురించి గవర్నర్ల ఉత్తరాల్లో కనిపించేదంతా కింద నుంచి విని రాసినదే.

పాళెగాళ్ళ కథ మరో కుటుంబపు పెట్టెలోకి తీసుకెళ్తుంది. చిత్తూరు పడమటి పాళేలైన నరగంటి, కల్లూరు, పులిచెర్ల, బంగారి వంటివి కొత్త జమాబందికి తలవంచలేదు. 1803 నుంచి 1807 దాకా గవర్నరుగా ఉన్న విలియం బెంటింక్ కాలంలో వాటి మీదకు సేనలు నడిచాయి. బెంటింక్ తండ్రి పోర్ట్‌లండ్ డ్యూక్, బ్రిటన్‌కు రెండుసార్లు ప్రధాని. 1806 జూలై 10న వేలూరు కోటలో సిపాయిలు తిరగబడిన తర్వాత, మరుసటి ఏడాది కంపెనీ డైరెక్టర్లు బెంటింక్‌ను వెనక్కి పిలిచారు. అప్పుడు ప్రధాని ఆయన తండ్రే. ఆ కుటుంబ పత్రాలు నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. పాళెగాళ్ళ వైపు నుంచి ఇంత పెద్ద కట్ట ఎక్కడా లేదు. కోటలు కూల్చినప్పుడు, ఇళ్ళు చెదిరినప్పుడు కవిలెలు ఏమవుతాయో వేరే చెప్పనక్కరలేదు.

ఇవాళ్టి మదనపల్లె, వాయల్పాడు వైపు ఆర్కాటు కింద కాక నిజాం ద్వారా 1800లో కంపెనీకి దక్కింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఆ తాలూకాలు కడప జిల్లావి. అక్కడ ఏడేళ్ళు కలెక్టరుగా తిరిగినవాడు థామస్ మన్రో. గ్లాస్గో వర్తకుడి కొడుకైన ఆయనది రాజకీయ వంశం కాదు. కానీ 1820 నుంచి 1827 దాకా మద్రాసు గవర్నరుగా ఉండి, పత్తికొండలో కలరాతో చనిపోయేనాటికి ఆ పేరు ఒక వంశానికి సరిపడా కాగితం మిగిల్చింది. తల్లిదండ్రులకు, చెల్లెలికి, తమ్ముడికి రాసిన ఉత్తరాలను గ్లీగ్ అనే రచయిత 1830లో జీవితచరిత్రగా అచ్చువేయించాడు. అసలు పత్రాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మొదటి ఏళ్ళలో గుడారంలోనే కాపురముండి ఊరూరా పొలం కొలిపించి, రైతుతో నేరుగా పన్ను మాట్లాడుకున్న తీరు ఆ రాతల్లో చదవవచ్చు. రైత్వారీ పద్ధతిని చట్టాల్లో కంటే ఈ ఉత్తరాల్లోనే బాగా అర్థం చేసుకోవచ్చు. తిరుమలలో మన్రో గంగాళం, గండి క్షేత్రంలో ఆయనకు కనిపించిన బంగారు తోరణం జనం నోటి కథలు. ఒక దొర జ్ఞాపకం అతని ఇంటి పెట్టెలో ఒకలా, జనం నోట మరోలా బతుకుతుందనడానికి ఈ సీమలో ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

గవర్నర్ల కాగితాల్లో లేని తిరుపతిని వెతకాలంటే గుడి గోడలు చదవాలి. సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి పూనికతో దేవస్థానం 1930లలో అచ్చువేసిన శాసన సంపుటాలు కంపెనీకి శతాబ్దాల ముందటి దానాలను, నైవేద్యాలను, స్థానీకుల పాత్రను చూపుతాయి. కంపెనీ నాటి జిల్లా రికార్డులు చెన్నై ఎగ్మూరు దస్తావేజుల భవనంలో వెతకాలి.

1830ల నాటికి హిందూ గుళ్ళను క్రైస్తవ ప్రభుత్వం నడపడమేమిటన్న గోల ఇంగ్లండులో పెరిగింది. కంపెనీ పక్కకు తప్పుకుంటూ 1843 ఏప్రిల్ 21 నాటి సన్నదుతో హథీరాంజీ మఠం మహంతు సేవాదాస్‌ను విచారణకర్తగా నియమించింది. అప్పటి నుంచి 1933 దేవస్థానం చట్టం దాకా తొంభై ఏళ్ళు మఠం పాలన సాగింది. ఆ కాలపు ఆధారం గవర్నర్ల సొంత ఉత్తరాల్లో దొరకదు. నగల మీద, నిధుల మీద, లెక్కల మీద నడిచిన దావాల్లో, 1907లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళిన తీర్పులో దొరుకుతుంది.