కూర్చోమన్న మాట

కథల్లో మరుగుజ్జులు ఎక్కడ ఉంటారో ఒకసారి గమనించండి. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో అచ్చు వేసిన కథల పుస్తకంలో స్నోవైట్‌ను కాపాడిన ఏడుగురూ అడవి దాటి, కొండల్లో ఖనిజం తవ్వుకుని బతికేవాళ్ళు. అదే పుస్తకంలో గడ్డిని బంగారు దారంగా వడికిచ్చి, కూలికి బదులు బిడ్డను అడిగిన రంపెల్‌స్టిల్ట్‌స్కిన్ కూడా ఊరికి దూరంగా ఉండే చిన్న మనిషే. వాళ్ళు మంచివాళ్ళు, వీడు మాయగాడు. అయితే ఈ రెండు కథల్లోనూ వాళ్ళకు ఊళ్ళో ఇల్లు లేదు.

నల్లమల, లంకమల కొండల పక్కన పుట్టిన మాకు ఈ చిరునామా కొత్తది కాదు. మన పెంటలూ గూడేలూ ఉన్నదీ అక్కడే. పొట్టి మనిషినీ అడవి మనిషినీ ఒకే వరుసలో నిలబెట్టిన రాతలు మన దేశంలో దాదాపు రెండు వేల ఏళ్ళుగా ఉన్నాయి. వాటిని మనమే చదివి మన పిల్లలకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో రాజు పొద్దున నిద్ర లేచాక ఏ గదిలో ఎవరు ఎదురు రావాలో రాసి ఉంది. మూడో గదిలో ఎదురు రావలసినవాళ్ళు గూనివాళ్ళు, మరుగుజ్జులు, కిరాతులు. నాలుగో గదిలో మంత్రులు, బంధువులు. కిరాతులంటే కొండల్లో, అడవుల్లో బతికేవాళ్ళు. వాళ్ళకు గూని లేదు, వాళ్ళు మరుగుజ్జులు కారు. అయినా ఆ జాబితాలో చేరారు. అదే గ్రంథంలో ఇళ్ళలో దూరి వేగు తేవడానికి పనికొచ్చేవాళ్ళ జాబితా ఉంది. అక్కడా ఈ ముగ్గురూ పక్కపక్కనే ఉన్నారు. రాజు కంటికి వీళ్ళ దేహాలన్నీ ఒకే రకం వింత.

భాగవతం నాలుగో స్కంధంలో వేనుని కథ ఇంకా సూటిగా చెబుతుంది. చెడ్డరాజు వేనుడు చచ్చాక ఋషులు అతని తొడను మథించారు. అందులోంచి ఒక పొట్టి మనిషి పుట్టాడు. కాకి నలుపు, కురచ చేతులు, కురచ కాళ్ళు, అణిగిన ముక్కు. ఏం చేయమంటారని అతను వంగి అడిగాడు. ఋషులు కూర్చోమన్నారు. ఆ మాటనుంచే అతనికి నిషాదుడని పేరు వచ్చింది. అతని సంతతి కొండల్లో, అడవుల్లో ఉండిపోయిందట. తర్వాత వేనుని చేతులను మథిస్తే పృథువు పుట్టాడు. అతన్ని రాజును చేశారు. చేతుల్లో పుట్టినవానికి భూమి, తొడలో పుట్టినవానికి కూర్చోమన్న మాట. అడవి జనం పొట్టిగా, నల్లగా, చప్పిడి ముక్కుతో ఉంటారని చెప్పడం ఆ కథ అసలు ఉద్దేశం కాదు. భూమి వాళ్ళకు ఎందుకు లేదో చెప్పడం దాని ఉద్దేశం. దేహాన్ని సాక్ష్యంగా తెచ్చి నిలబెట్టారు.

అదే భాగవతంలో వామనుడూ పొట్టివాడే కదా, ఆయనకు మొక్కుతారు కదా అని అడగవచ్చు. పోతన మావాడేనని ఒంటిమిట్ట చుట్టుపక్కల కడప జనం గర్వంగా చెప్పుకుంటారు. ఆయన తెలుగు చేసిన వామన చరిత్ర ఈ సీమలో చదువు రానివాళ్ళకు కూడా తెలుసు. అయితే వామనుడు పొట్టిగా ఉండిపోలేదు. మూడడుగులు అడిగి, ఆకాశమంత పెరిగి, బలి చక్రవర్తి రాజ్యమంతా కొలుచుకున్నాడు. కృష్ణుడు కనికరించిన కుబ్జ కూడా గూని పోయి నిటారుగా నిలబడ్డాకే అందగత్తె అయింది. మారిపోయిన దేహానికే అక్కడ మర్యాద. మారకుండా ఉండిపోయిన పొట్టి దేహానికి మిగిలింది తోలుబొమ్మలాటలో కేతిగాడి వేషం. రాముడు, రావణుడు తెరనిండా నిలబడితే, కేతిగాడు కింద గెంతుతూ నవ్విస్తాడు. వాడి నోట రాజుల మీద కూడా ఎగతాళి పలుకుతుంది, అది వాడి బలం. ఆట అయిపోయాక మాత్రం వాడి మాటను ఎవరూ లెక్కచేయరు.

మన దగ్గర వేరే కథ ఉంది. ప్రహ్లాదుణ్ణి కాపాడిన నరసింహుడు అహోబిలం అడవిలో చెంచు పిల్లను చూసి మనసుపడ్డాడు. ఆయనది సగం సింహం, సగం మనిషి దేహం. అంతకంటే వింత దేహం ఏ కథలో ఉంది? చెంచులు ఆయన్ను చూసి నవ్వలేదు, మూడో గదిలో నిలబెట్టలేదు. చెట్టెక్కగలవా, తేనె తీయగలవా, గడ్డలు తవ్వగలవా అని అడిగారు. పని నేర్చుకున్నాక పిల్లనిచ్చారు. ఇప్పటికీ కనుమ నాడు మొదలై నలభై రోజులకు పైగా సాగే పార్వేట ఉత్సవంలో స్వామి కొండ దిగి ఊరూరా తిరుగుతాడు. చెంచులు ఆయన్ను అల్లుడి వరసన చూసుకుంటారు. మన కథ దేహాన్ని కొలవలేదు, చేతనైన పనిని అడిగింది.

కొలవడం తెల్లదొరలతో వచ్చింది. ఎడ్గర్ థర్‌స్టన్ 1885 నుంచి 1908 దాకా మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి అధికారి. కొలబద్దలు పట్టుకుని జిల్లాలు తిరిగి, కులాలవారీగా, తెగలవారీగా జనం ఎత్తు, తల చుట్టుకొలత, ముక్కు వెడల్పు రాసుకున్నాడు. రంగాచారితో కలిసి 1909లో ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. చెంచులు, యానాదులు, ఎరుకలవాళ్ళు, లంబాడీలు అందరూ వాటిలో ఉన్నారు. 1901 జనాభా లెక్కల కమిషనర్ రిస్లీ అయితే ముక్కు ఎంత చప్పిడిగా ఉంటే కులం అంత కింద ఉంటుందని సిద్ధాంతమే చేశాడు. వేనుని తొడలోంచి పుట్టినవాని అణిగిన ముక్కు ఇక్కడ శాస్త్రం వేషంలో మళ్ళీ వచ్చింది. నేరస్త తెగల చట్టం 1871లో ఉత్తరాదిన పుట్టి, 1911లో మద్రాసు రాజ్యానికి వచ్చింది. తెగను చూసి పేర్లు రాసుకున్నారు, వేలిముద్రలు తీసుకున్నారు. కర్నూలు జిల్లా సిద్ధాపురంలో, గుంటూరు వైపు స్టూవర్టుపురంలో సెటిల్‌మెంట్లు పెట్టి జనాన్ని కాపలాలో ఉంచారు. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో.

ఇలాంటి కొలత ఎంత దూరం పోగలదో జర్మనీ చూపించింది. హిట్లర్ ప్రభుత్వం 1933 జూలై 14న చేసిన చట్టంతో వంశపారంపర్య జబ్బులున్నాయన్నవాళ్ళకు బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. 1939 నుంచి 1941 లోపల ఆస్పత్రుల్లోని వికలాంగులను, మానసిక రోగులను 70 వేల మందికి పైగా గ్యాస్‌తో చంపారు. పూర్వం మన దేశం విడిచి వెళ్ళిన రోమా జనాన్ని కూడా కొలిచి, పుట్టుకతోనే నేరస్తులని జాబితాలు రాసి, క్యాంపులకు పంపారు. 1944లో ట్రాన్సిల్వేనియా నుంచి ఓవిట్జ్ అనే యూదు కుటుంబాన్ని ఆష్‌విట్జ్‌కు తెచ్చారు. ఆ తోబుట్టువుల్లో ఏడుగురు మరుగుజ్జులు. ఆటపాటలతో ఊరూరా తిరిగి బతికిన కళాకారులు. మెంగెలె అనే డాక్టరు వాళ్ళను పరిశోధన కోసం విడిగా ఉంచి, రక్తం తీశాడు, పళ్ళు పీకించాడు, ఒళ్ళంతా కొలిచాడు. 1945 జనవరిలో సోవియట్ సైన్యం వచ్చేదాకా ఏడుగురూ ప్రాణాలతో నిలిచారు. ఏడుగురు మరుగుజ్జుల కథను పిల్లలకు చెప్పి నిద్రపుచ్చిన దేశమే ఈ పని చేసింది.

ఇప్పుడు మన గూడేనికి వద్దాం. 1995 నాటి వికలాంగుల చట్టంలో మరుగుజ్జుల పేరే లేదు. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, అందులో మరుగుజ్జుతనాన్ని చేర్చింది. జబ్బు వల్లనో జన్యు కారణం వల్లనో పెద్దయ్యాక కూడా ఎత్తు 147 సెంటీమీటర్లు, అంటే 4 అడుగుల 10 అంగుళాలు దాటనివాళ్ళు దీని కిందకు వస్తారు. సదరం క్యాంపులో సర్టిఫికెట్టు వస్తే పింఛను, రిజర్వేషను అడగవచ్చు. థర్‌స్టన్ టేపు పట్టుకున్నది మన మీద రాసుకోవడానికి. ఈ టేపు మన హక్కు కోసం. దీన్ని మనమే అడిగి పట్టించుకోవాలి. నల్లమల పెంట నుంచి ఆస్పత్రికి పోయిరావడమంటే ఒక రోజు కూలి, బస్సు ఖర్చు, తోడుగా ఒక మనిషి. క్యాంపు పెంటల దగ్గరికే రావాలని ఐటీడీఏను అడగడం న్యాయం.

ఇంకొక పొట్టితనం ఉంది. బిడ్డ వయసుకు తగ్గట్టు ఎదగకపోతే, వీళ్ళ జాతే అంత అనే మాట గూడేల్లో మనం వింటూనే ఉన్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో పిల్లల ఎదుగుదలను చూసి 2006లో ప్రమాణాలు ప్రకటించింది. మంచి తిండి, శుభ్రమైన నీళ్ళు, సరైన సంరక్షణ దొరికితే ఐదేళ్ళ లోపు పిల్లలు ఏ దేశంలోనైనా దాదాపు ఒకేలా ఎదుగుతారని తేలింది. కాబట్టి ఆ మాట చెప్పి అంగన్‌వాడీ గుడ్డును, పాలను తప్పించడానికి వీల్లేదు. ఆకలి చేసిన పనిని జాతి మీద నెట్టడమంటే వేనుని కథను మళ్ళీ చెప్పడమే.

మన గూడేల్లో కూడా పొట్టోడా, గూనోడా అనే పిలుపులున్నాయి. రాజు మూడో గదిలో వాళ్ళ పక్కన నిలబడ్డది మన పెద్దలే. ఆ వరుసలో ఉన్నవాళ్ళు మనకు తోబుట్టువుల లెక్క. ఊరు పేరు పెట్టి పిలిచినా, మనం అన్నా, అక్కా అని పిలవాలి. పెళ్ళి మాటల్లో, పంచాయితీలో, పొదుపు సంఘంలో వాళ్ళకు చోటివ్వాలి. నరసింహుణ్ణి అడిగినట్టే, నీకేం పని వచ్చు అని అడిగితే చాలు.