పరాయివారి కొలబద్ద

నక్షత్రాల గర్భంలోని వేడిని భూమి మీద పుట్టించబోయినవారిని మొదట ఓడించింది కొలత.

1957లో ఇంగ్లండులోని హార్వెల్ ప్రయోగశాలలో ‘జెటా’ యంత్రం పని ప్రారంభించింది. గారెలా నడుమ ఖాళీ ఉన్న గుండ్రని గొట్టంలో డ్యుటీరియం వాయువును నింపి, తీవ్రమైన విద్యుత్తుతో దానిని ప్లాస్మాగా మార్చేవారు. న్యూట్రాన్లు వెలువడ్డాయి. అవి కేంద్రక సంలీనం జరిగేటంతటి వేడి వల్ల పుట్టినవేనని తనకు 90 శాతం నమ్మకమని 1958 జనవరిలో సంస్థ అధిపతి జాన్ కాక్‌క్రాఫ్ట్ పత్రికలవారితో అన్నాడు. ఇంగ్లండు పొంగిపోయింది. అయితే, వేడి వల్ల పుట్టిన న్యూట్రాన్ల శక్తి అన్ని దిక్కులా ఒకే తీరుగా ఉండాలి. హార్వెల్‌లోనే బాసిల్ రోజ్ కొలిచి చూస్తే అలా లేదు. ప్లాస్మాలోని అస్థిరతలే కొన్ని అయాన్లను విసరివేసి ఆ భ్రమ కల్పించాయి. మే నెలలో తప్పు ఒప్పుకోక తప్పలేదు.

పదేళ్ళు గడిచాయి. 1968 ఆగస్టులో నొవసిబిర్స్క్ సభలో లెవ్ అర్త్సిమోవిచ్ మాస్కోలోని తమ ‘టి-3’ టోకమాక్ ఫలితాలు వెల్లడించాడు. అందులో ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత సుమారు కోటి డిగ్రీలు. జెటా చేదును మరువని పాశ్చాత్యులు నమ్మలేదు. అర్త్సిమోవిచ్ బ్రిటిషువారినే ఆహ్వానించాడు: మీ పరికరాలు మీరే తెచ్చుకొని కొలవండి అని. సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌లో అడుగుపెట్టిందీ ఆ నెలలోనే. అయినా ఆహ్వానం నిలిచింది.

1969లో కల్హమ్ ప్రయోగశాల నుంచి పీకాక్, రాబిన్సన్, ఫారెస్ట్, విల్కాక్ టన్నులకొద్దీ సామగ్రితో మాస్కో చేరారు. అంతటి వేడిని తాకి నిలిచే ఉష్ణమాపకం లేదు. అందుకే వారు కెంపు లేజరు కాంతిని ప్లాస్మాలోకి పంపారు. పరుగెత్తే ఎలక్ట్రాన్లకు తగిలి చెదరిన కాంతి రంగు కొద్దిగా విస్తరిస్తుంది. ఆ విస్తరణే వేడికి కొలత. మొదట ప్లాస్మా సొంత వెలుగు ఆ సన్నని సంకేతాన్ని మింగేసింది. లేజరు మిణుకును మరింత కురచగా, తీక్షణంగా మార్చాక సంకేతం తేటపడింది. సోవియట్ మాట నిజమేనని తేలింది. నవంబరులో ‘నేచర్’ పత్రిక ఆ ఫలితాన్ని ప్రచురించింది. మరుసటి ఏడాదే అమెరికాలోని ప్రిన్స్‌టన్‌వారు తమ స్టెల్లరేటరును టోకమాక్‌గా మార్చుకున్నారు.

హార్వెల్‌వారు తొందరపడ్డారు గాని తప్పును దాచలేదు. మాస్కోవారు తమ ఒప్పును సైతం పరాయివారి కొలబద్దకు అప్పగించారు. కల్హమ్ బృందం చేతికి వచ్చిన అంకె ప్రత్యర్థిని గెలిపించేదే. దానిని ఉన్నదున్నట్టు ప్రకటించడమే ఆ ప్రయోగశాలల అసలు సంపాదన.