కార్జం పుట్టింటి కథ

మాంసం కొట్టు దగ్గర కార్జం అంటాం. పుస్తకాల్లో కాలేయం అంటాం. డాక్టరు ముందు కూర్చుంటే లివరు అంటాం. పేరేదైనా, క్యాన్సరు మందుల కథలో ఒక పెద్ద అధ్యాయం అక్కడే మొదలైందంటే నమ్ముతారా?

1926లో బోస్టన్ డాక్టర్లు మైనాట్, మర్ఫీ ప్రాణాలు తీసే ఒకరకం రక్తహీనతకు రోజూ కార్జం తినిపించి రోగుల్ని బతికించారు. అందులో ఏముందో తేల్చాలని పట్టుబట్టినవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు. 1940లో ఆయన లెడర్లీ కంపెనీలో చేరారు. 1943లో అక్కడే కార్జంలోంచి ఫోలిక్ ఆమ్లాన్ని స్ఫటికాలుగా విడదీశారు. 1945కల్లా దాన్ని స్వయంగా తయారుచేయగలిగారు.

చిక్కేమిటంటే, లుకేమియా పిల్లలకు ఆ జాతి పదార్థాలిస్తే జబ్బు ఇంకా విజృంభించినట్టు బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్‌కు తోచింది. పెంచేది ఇదైతే, దీనికి అడ్డుపడేదాన్ని ఇస్తేనో? సుబ్బారావుగారి బృందం అలాంటివి చేసి పంపింది. వాటిలో అమినోప్టెరిన్ వాడిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించాడు. తాత్కాలికమే! కానీ అంతకుముందు ఆ మాత్రం ఆశ కూడా లేదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు.

అమినోప్టెరిన్‌కు తమ్ముడు మెథోట్రెక్సేట్. ఇవాళ్టికీ వాడుతున్నారు. విచిత్రమేమిటంటే, పుట్టింటి వాసాలే లెక్కపెట్టినట్టు అది కాలేయాన్నే దెబ్బతీయగలదు. మరికొన్ని క్యాన్సరు మందులదీ ఇదే తంతు.

అలాగని మందు మానేయరు. ఎప్పటికప్పుడు రక్తపరీక్ష చేసి బిలిరుబిన్, ఎంజైముల లెక్క చూస్తారు. పెరిగితే మోతాదు తగ్గిస్తారు, లేదా కొన్నాళ్ళు ఆపుతారు. డాక్సోరుబిసిన్ లాంటివి కాలేయం ద్వారానే బయటికి పోవాలి. అది నీరసిస్తే మందు ఒంట్లోనే నిలిచి విషమవుతుంది. ఒంట్లో నిద్రపోతున్న హెపటైటిస్-బి కూడా కీమోతో మేలుకోవచ్చు. అందుకే మొదలుపెట్టకముందే దానికి పరీక్ష, అవసరమైతే అణిచివుంచే మాత్రలు.

ఇక మన ఇళ్ళ సంగతి. పిల్లాడి కళ్ళు కాస్త పచ్చబడగానే అమ్మమ్మకు పసరు మందు గుర్తొస్తుంది. ఆవిడ ప్రేమలో లోపం లేదు. కానీ ఆ పసరునూ అరగదీసి వడకట్టాల్సింది అలసిపోయిన ఆ కార్జమే! కొన్ని ఆకులూ వేర్లూ దానికి చేటు చేస్తాయి కూడా. పసరైనా, జ్వరం మాత్రైనా డాక్టరు చెవిన వేయకుండా పొయ్యకండమ్మా. పచ్చదనం కనబడితే పసరు కోసం కాదు, ఆసుపత్రికి పరుగెత్తండి.