మొజంజాహీ మార్కెట్: నిలిచిన రాయి, కారిన కప్పు

హైదరాబాద్‌లో నాంపల్లి, ఆబిడ్స్, బేగంబజార్, అఫ్జల్‌గంజ్ దారులు ఒకదానికొకటి దగ్గరయ్యే కూడలిలో మొజంజాహీ మార్కెట్ ఉంది. 1935లో పూర్తయిన ఈ కట్టడానికి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రెండో కొడుకు మొజం జా పేరు పెట్టారు. రెండు రెక్కలు రెండు రోడ్ల వెంట సాగుతాయి. అవి కలిసే మూలలో గడియార స్తంభం, వెనక విశాలమైన ప్రాంగణం. వందకు పైగా దుకాణాలున్న ఈ మార్కెట్ తొమ్మిది దశాబ్దాలుగా వ్యాపారం ఆగకుండా నడుస్తోంది. కోటలూ సమాధులూ చూడ్డానికి మాత్రమే మిగిలాయి. ఇది మాత్రం రోజూ కిరాయి తెస్తూనే పాతబడింది. రద్దీ నగరంలో ఒక వ్యాపార భవనం ఎలా బాగుంటుందో, ఎలా పాడవుతుందో తెలుసుకోవడానికి దీని చరిత్రకు మించిన పాఠం హైదరాబాద్‌లో దొరకదు.

ఈ మార్కెట్‌కు మూలం ఒక విపత్తు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద నగరాన్ని ముంచి వేలమందిని పొట్టన పెట్టుకుంది. మూడేళ్లకు ప్లేగు వచ్చింది. ఇరుకు సందులు, గాలి ఆడని ఇళ్లు, దారి పక్కనే పారే మురుగు ఎంత ప్రమాదమో ఈ రెండూ కలిసి రుజువు చేశాయి. వరదల కట్టడికి మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా తీసుకున్నారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ తర్వాతే వెలిశాయి. నగరం లోపలి పని కోసం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును ఏర్పాటు చేశారు. మురికివాడల తొలగింపు, రోడ్ల వెడల్పు, కొత్త ఇళ్లు, బజార్ల నిర్మాణం దాని బాధ్యతలు. తరువాతి కాలంలో మొజం జా ఈ బోర్డుకు అధ్యక్షుడయ్యాడు.

చార్మినార్ నుంచి మూసీ వైపు వచ్చే పత్తర్‌గట్టి బజారు ఈ బోర్డు చేసిన పెద్ద పనుల్లో ఒకటి. రోడ్డును వెడల్పు చేసి, రెండు వైపులా నల్లరాతి కమాన్లతో ఒకే తీరు ముఖభాగం కట్టారు. కింద దుకాణాలు, పైన గదులు. నడిచేవాళ్లకు కమాన్ల కింద నీడ. బట్టలు, అత్తర్లు, ముత్యాలు అమ్మేవాళ్లు ఎవరి కొట్టు వాళ్లు చూసుకున్నా వీధి అంతా ఒకే భవనంలా కనబడేది. మొజంజాహీ మార్కెట్‌లోనూ ఇదే ఆలోచన ఉంది. ముందు చూపు మరింత ఎక్కువగా ఉంది. పళ్లు, పూలు, తమలపాకుల వంటి త్వరగా కుళ్లే సరుకు కోసం ఎత్తయిన కప్పు, గాలి ఆడే తలుపులు, కడగడానికి వీలైన నేల అవసరం. నగరానికి భూగర్భ మురుగు వ్యవస్థ 1931లో వచ్చింది. అప్పటి సుమారు ఐదు లక్షల జనాభాకు సరిపోయేలా దాన్ని వేశారు. నాలుగేళ్ల తర్వాత పూర్తయిన మార్కెట్‌కు ఆ సదుపాయం సిద్ధంగా ఉంది.

కట్టడానికి వాడిన రాయి హైదరాబాద్ చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా తగిలే గ్రానైట్. అది నీటిని దాదాపు పీల్చదు, ఎండకు వానకు చెక్కు చెదరదు. అందుకే మార్కెట్ గోడలు ఇప్పటికీ దృఢంగా ఉన్నాయి. కానీ రాతి గోడకు బలం రాయి ఒక్కటే కాదు. రాళ్ల మధ్య సందులు, వాటిలోని సున్నం దానికి ప్రాణం. ఆ కాలపు మేస్త్రీలు సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లు పోసి చల్లార్చి, ఇసుక కలిపి గానుగలో రుబ్బేవారు. ఎద్దు తిప్పే రాతి చక్రం కింద మెత్తగా నలిగిన ఆ డంగు సున్నంలో కరక్కాయ నానబెట్టిన నీరు, బెల్లం నీరు కలిపేవారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలల తరబడి గట్టిపడుతుంది. రాయి కంటే మెత్తగా ఉంటుంది కాబట్టి గోడ ఎండకు సాగి చలికి కుంచించుకున్నా పగలదు. సన్నని పగుళ్లను తానే పూడ్చుకుంటుంది. గోడలోకి చేరిన తేమ ఆ సందుల గుండానే బయటికి ఆరిపోతుంది.

కప్పుల పని ఇంకా కష్టమైనది. ఆనాటి మిద్దెల మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన మందపాటి పొర పరిచి, కూలీలు బారులు తీరి కూర్చుని కొయ్య దిమ్మిసలతో రోజుల తరబడి కొట్టేవారు. కొట్టేకొద్దీ పొర బిగుసుకునేది, పైకి తేలిన నీటితోనే నునుపు చేసేవారు. అలా చేసిన కప్పుకు వాలు ఉండాలి, వాన నీరు పోయే తూము తెరిచి ఉండాలి. ఈ రెండూ సరిగా ఉంటే సున్నపు మిద్దె తరాల పాటు నిలుస్తుంది. ఏటా వానలకు ముందు ఎవరో ఒకరు పైకెక్కి ఆకులూ దుమ్మూ ఊడ్చి, తూములు శుభ్రం చేసి, పిట్టగోడ పగుళ్లలో మొలిచిన రావి, మర్రి మొక్కలను వేళ్లతో సహా తీసేయాలి. పక్షులు వేసిన విత్తనం నుంచి మొలిచిన ఆ మొక్క రెండు వానాకాలాలు బతికితే రాతి సందులోకి వేరు దింపుతుంది. ఆ తర్వాత కోసేసినా మళ్లీ చిగురిస్తుంది. చౌకగా అయిపోయే ఈ పనిని వాయిదా వేసినందుకే తరువాత కోట్లు ఖర్చు పెట్టాల్సి వచ్చింది.

1948లో నిజాం పాలన ముగిసింది. 1956 తర్వాత హైదరాబాద్ పెద్ద రాష్ట్రానికి రాజధాని అయింది. జనాభా పెరిగే కొద్దీ మార్కెట్ మీద ఒత్తిడీ పెరిగింది. దేశ విభజనలో సింధ్ నుంచి వచ్చిన కుటుంబం 1953లో ఈ మార్కెట్ పక్కనే కరాచీ బేకరీ పెట్టింది. ప్రాంగణంలోని ఐస్‌క్రీం దుకాణాలు వేసవి సాయంత్రాలకు చిరునామా అయ్యాయి. లారీల రద్దీకి చోటు చాలక 1980లలో పండ్ల టోకు వ్యాపారం కొత్తపేటకు తరలింది. మార్కెట్ ఏ పని కోసం పుట్టిందో అందులో పెద్ద భాగం అలా వెళ్లిపోయింది. చిల్లర దుకాణాలు మిగిలాయి.

క్షీణత ఒక్క రోజులో రాలేదు. భవనం మునిసిపాలిటీది, దుకాణం కిరాయిదారుడిది. తన గదికి రంగు, అల్మారా, దీపాలు అతను చూసుకున్నాడు. పైకప్పు, తూము, కమాను ముఖం, ప్రాంగణం అందరివీ కావడంతో ఎవరివీ కాకుండా పోయాయి. అసలు జబ్బు అదే. నల్లరాతి మీద రంగులు పూశారు. కమాన్లకు అడ్డంగా బోర్డులు, రేకుల పందిళ్లు, వైర్ల గుత్తులు వచ్చాయి. కప్పు కారినప్పుడల్లా సున్నం మీద సిమెంటు వేశారు. సిమెంటు గట్టిది, తేమను ఆరనివ్వదు. కింది సున్నం ఒక తీరుగా, పై సిమెంటు ఇంకో తీరుగా సాగడంతో రెండింటి మధ్య పగుళ్లు వచ్చి నీరు లోపలే నిలుస్తుంది. మరమ్మతు అనుకున్నదే కప్పుకు అదనపు బరువవుతుంది. మంచి మనసుతో తప్పు సరుకు వాడి చేసిన మరమ్మతు, ఏమీ చేయకపోవడం కంటే ఎక్కువ హాని చేసిన సందర్భాలు పాత భవనాల్లో చాలా ఉన్నాయి.

చట్టం ఆలస్యంగా కదిలింది. నగరంలోని వారసత్వ కట్టడాల రక్షణకు 1995లో నిబంధన తెచ్చారు, 1998లో జాబితా ప్రకటించారు. 2015లో ఆ నిబంధనను తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. జాబితాలో పేరుంటే కూల్చివేతకు అడ్డు పడుతుంది కానీ తూము ఎవరు తీస్తారో చెప్పదు. ప్రైవేటు భవనాల కష్టం ఇంకో రకం. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద పాత కిరాయిలు ఏళ్ల తరబడి కదలని చోట యజమానికి మరమ్మతు మీద ఆసక్తి పోయింది, ఖాళీ చేస్తే మళ్లీ అలాంటి కొట్టు దొరకదని కిరాయిదారుడు కదలలేదు. పాత బజార్లలో పాడుబడ్డ మేడల వెనక ఈ చిక్కుముడి కూడా ఉంది.

మొజంజాహీ మార్కెట్ పునరుద్ధరణ 2018లో మొదలైంది. దుకాణాలు నడుస్తుండగానే పని చేయాల్సి రావడం పెద్ద సవాలు. రేకుల పందిళ్లు, అడ్డదిడ్డమైన బోర్డులు, వేలాడే వైర్లు తీసేశారు. రాతి మీది రంగులు వదలగొట్టారు. కప్పు మీద పేరుకున్న అదనపు పొరలను తొలగించి సున్నంతో మళ్లీ పని చేశారు. గడియారం మళ్లీ నడిచింది. 2020 ఆగస్టులో మార్కెట్‌ను తిరిగి ప్రారంభించారు. అప్పటిదాకా వాహనాలతో నిండిన ప్రాంగణంలో జనం కూర్చునే చోటు ఏర్పడింది. బాగుచేసిన కప్పుకు తొలి పరీక్షగా అదే ఏడాది అక్టోబర్‌లో నగరాన్ని భారీ వానలు ముంచెత్తాయి.

పునరుద్ధరణకు ప్రారంభోత్సవం ఉంటుంది, నిర్వహణకు ఉండదు. పనిలో తేడా కూడా అంతే. మొదటిది నిపుణుల బృందం రెండేళ్లు చేసే పని, రెండోది ఒక మేస్త్రీ, నలుగురు కూలీలు ఏటా చేసే పని. సున్నపు పనికి ప్రతి మరమ్మతులోనూ సున్నమే కావాలి. ఆ చేతిపని తెలిసినవాళ్లు నగరంలో తగ్గిపోయారు, గానుగ ఆడించే చోట్లు అరుదయ్యాయి. కొత్త ఏసీ యూనిట్‌కు గోడలో రంధ్రం వేయడానికి ముందు అడగాల్సిన అధికారి ఎవరో, వసూలైన కిరాయిలో ఎంత భాగం ఆ కప్పుకే ఖర్చవుతుందో దుకాణదారులకు తెలిసి ఉండాలి. వారసత్వ భవనంగానే కాదు, బతుకుతెరువుగా కూడా ఈ మార్కెట్ నిలబడాలంటే మే నెలలో తూములు తీయడం, జూన్ మొదటి వానకు కప్పు చూడటం, వానలు వెలిశాక సందులు సున్నంతో నింపడం అనే వరస తప్పకూడదు.