పిట్ బైకు

పిట్ బైకు అనగా మట్టి నేలపై నడపడానికి మాత్రమే తయారుచేసిన చిన్న మోటారు సైకిలు. మోటోక్రాస్ పందెములలో బండ్లను మరమ్మతు చేసుకొను చోటును పిట్ అంటారు. ఆ ఆవరణలో అటూ ఇటూ తిరగడానికి పందెగాళ్ళు, మెకానిక్కులు చిన్న బండ్లను వాడేవారు. పేరు అలా వచ్చింది. వీటి చక్రములు సాధారణముగా 10 నుండి 14 అంగుళములు ఉంటాయి. హెడ్ లైటు, హారను, నంబరు ప్లేటు ఉండవు.

చరిత్ర

జపానులోని తమా టెక్ వినోదోద్యానములో పిల్లల కొరకు హోండా కంపెనీ 1961లో తయారుచేసిన జెడ్100 అను బండి ఈ తరహాకు మూలము. దాని నుండి జెడ్50 శ్రేణి వచ్చింది. కవాసాకి కంపెనీ 2002లో కెఎల్ఎక్స్110ను, హోండా 2013లో సిఆర్ఎఫ్110ఎఫ్‌ను విడుదల చేశాయి. పిల్లల కొరకు చేసిన ఈ బండ్లకు గట్టి స్ప్రింగులు, ఎత్తైన హ్యాండిలు బిగించి పెద్దవారు పందెములు ఆడుట 2000 దశకములో అమెరికాలో బాగా వ్యాపించింది.

రెండు బండ్ల పోలిక

గెంతులకు, సరదా పందెములకు బండి కొనదలచినవారు ఎక్కువగా తూచి చూచేది పై రెండింటినే. రెండింటిలోనూ గాలితో చల్లబడు, సుమారు 110 సి.సి. నాలుగు స్ట్రోకుల ఇంజను, నాలుగు గేర్లు, ముందు 14 అంగుళముల చక్రము, వెనుక 12 అంగుళముల చక్రము, డ్రమ్ము బ్రేకులు ఉంటాయి. బరువులో కూడా తేడా స్వల్పము. ఒకటి దాదాపు 76 కిలోలు, రెండవది 77.

అసలు తేడా క్లచ్‌లో ఉన్నది. సిఆర్ఎఫ్110ఎఫ్‌లో క్లచ్ దానంతట అదే పనిచేస్తుంది. చేతి లీవరు లేదు. మన దేశములో వెనుక వచ్చిన హీరో హోండా స్ట్రీట్ బండి నడిపినవారికి ఈ అమరిక తెలిసినదే. నేర్చుకొనువారికి ఇది సుఖము, బండి ఆగిపోదు. కాని పందెము మొదట్లో ఇంజను వేగమును పెంచి పట్టుకొని ఒక్కసారిగా వదలడానికి గాని, గెంతుకు ముందు ఒక్క క్షణములో ముందు చక్రమును లేపడానికి గాని చేతి క్లచ్ కావలెను. కెఎల్ఎక్స్110లో 2010 నుండి లభించిన ఎల్ రకములో అది ఉన్నది. ఆ రకములో సీటు ఎత్తు 730 మి.మీ.; మామూలు రకములో 680, హోండాలో సుమారు 660. పదేళ్ళ పిల్లవానికి హోండా, ఎదిగిన యువకునికి ఎల్ రకము తగినవి. హోండాకు 2019 నుండి ఇంధన ఇంజెక్షన్ వచ్చింది. కవాసాకిది పాత కార్బురేటరే. పల్లెటూరి మెకానిక్కు విప్పి శుభ్రము చేయగలిగినది రెండవదే కనుక, మారుమూల ఊళ్ళలో దానిని లోపముగా ఎంచనక్కరలేదు.

గెంతు, దాని భారము

1 మీటరు ఎత్తు నుండి పడిన బండి గంటకు సుమారు 16 కిలోమీటర్ల నిలువు వేగముతో నేలను తాకుతుంది. ఆ వేగమును ఆపవలసినది సస్పెన్షన్. అది ఎంత దూరము కుంగగలిగితే దెబ్బ అంత తగ్గుతుంది. కెఎల్ఎక్స్110 మామూలు రకములో ఆ దూరము సుమారు 110 మి.మీ. టైర్ల మెత్తదనము, నడుపువాని మోకాళ్ళ వంపు లెక్కలోనికి తీసుకొనకపోతే, సమతల నేలపై పడినప్పుడు సగటు బలము బండి, మనిషి కలిసిన బరువుకు పది రెట్లు. సిఆర్ఎఫ్110ఎఫ్ వెనుక భాగములో దూరము 85 మి.మీ. మాత్రమే కనుక దాదాపు పదమూడు రెట్లు. పెద్ద మోటోక్రాస్ బండిలో 300 మి.మీ. ఉండుట వలన నాలుగు రెట్లకు కొంచెము ఎక్కువ. ఫిజిక్సు విద్యార్థులు ఈ లెక్కను స్వయముగా చేసి చూచుకొనవచ్చును.

పిల్లల కొరకు చేసిన మెత్తని స్ప్రింగులపై 60 కిలోల మనిషి కూర్చొనగానే ఆ దూరములో కొంత ముందే ఖర్చవుతుంది. కాబట్టి ఈ రెండింటిలో ఏది కొన్నా, గెంతుటకు ముందు స్ప్రింగులు మార్చుట తప్పనిసరి. ఇంజను శక్తిని పెంచుట తరువాతి మాట. దిబ్బకు ఆవలివైపు ఏటవాలు ఉంటే దెబ్బ చాలా తగ్గుతుంది. సూపర్‌క్రాస్ ట్రాకులను అందుకే అలా పోస్తారు.

భారతదేశములో

కవాసాకి కెఎల్ఎక్స్110ను మన దేశములో విడుదల చేసింది. అప్పటి ధర దాదాపు 3 లక్షల రూపాయలు. 2024లో పుణె, అహ్మదాబాదు, బెంగుళూరు నగరములలో ఇండియన్ సూపర్‌క్రాస్ రేసింగ్ లీగు మొదటి పోటీలు జరిగాయి. 2025 డిసెంబరులో హైదరాబాదు గచ్చిబౌలి స్టేడియములో కూడా ఒక పోటీ జరిగింది. వాటిలో ముఖ్యమైనవి 250, 450 సి.సి. బండ్లు. అవి చేయు గెంతులను పిట్ బైకుపై అనుకరించరాదని పై లెక్కయే చెబుతుంది.

ఈ బండ్లకు రిజిస్ట్రేషను లేదు కనుక 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము బహిరంగ ప్రదేశములో నడపరాదు. రోడ్డు మాత్రమే కాక, ప్రజలకు ప్రవేశ హక్కు గల ఏ స్థలమైనా ఆ మాటలోనికి వస్తుంది. మైనరు నడిపితే, 2019 సవరణ ద్వారా చేర్చిన 199ఎ సెక్షను క్రింద తల్లిదండ్రులకు లేదా యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చును. ఆ పిల్లవానికి 25 ఏళ్ళు నిండే వరకు లైసెన్సు రాదు. బండి కొనిపెట్టమని మారాము చేయు కుర్రవానికి ఈ చివరి వాక్యము చదివి వినిపించుట మంచిది.

ఏజెన్సీ ప్రాంతములో

2022 ఏప్రిల్ వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండిన అడ్డతీగల వంటి మన్యపు మండలములలో కొండ వాలు, ఎర్రమట్టి చూచి ఇది ఈ బండ్లకు అనువైన చోటని అనిపించును. అయితే కొండదారి కూడా ప్రజల దారియే. సంతకు నడిచి వచ్చువారు, పశువులు మలుపు దాటగానే ఎదురవుతారు. రిజర్వు అడవిలోనికి అనుమతి లేకుండా బండి తీసుకొనిపోరాదు. మిగిలేది సొంత భూమి. జీడిమామిడి తోట ప్రక్కన బీడులో కూడా రాళ్ళు ఏరి, చెట్ల మొదళ్ళకు దూరముగా దారి వేసుకొనవలెను. వాగు దాటిన తరువాత డ్రమ్ము బ్రేకులలో నీరు నిలిచి పట్టు తగ్గుతుంది. కొంత దూరము మెల్లగా బ్రేకు నొక్కుతూ నడిపి, అవి ఆరి మరల పట్టుచున్నవని తెలిసిన తరువాతనే వేగము పెంచవలెను.