తుపాకి మనది, మందు వాళ్లది

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పాత తుపాకి మాట వస్తే మనం ముందు అడిగేది "ఎంత దూరం పోతుంది?" అని. అమెరికా అడవుల్లో మూతి నుంచి మందు కూరే తుపాకులతో బతికినవాళ్లు ఇంకో లెక్క వేసేవాళ్లు: ఒక పౌను సీసానికి ఎన్ని గుండ్లు వస్తాయి?

కాలిబర్ అంటే గొట్టం లోపలి వెడల్పు. 50 కాలిబర్ అంటే సరిగ్గా అర అంగుళం. వెడల్పు రెండింతలైతే గుండు బరువు ఎనిమిదింతలవుతుంది. 45 కాలిబర్‌కి పౌను సీసంతో సుమారు 54 గుండ్లు పోసుకోవచ్చు, 54 కాలిబర్‌కి 31 దాకానే. సీసం, మందు వీపున మోసేవాడికి ఇది చిన్న తేడా కాదు. అందుకే 18వ శతాబ్దంలో పెన్సిల్వేనియాలోని జర్మన్ కమ్మరులు తమ దేశపు పొట్టి, లావు గొట్టాన్ని సన్నగా, పొడుగ్గా మార్చారు. జింకకి అది చాలు. డెలావేర్, షానీ తెగలవాళ్లు ఆ రైఫిల్‌ని తొందరగానే పట్టుకున్నారు. తర్వాత పడమటి కొండల్లో అడవిదున్న, పెద్ద ఎలుగుబంటి ఎదురయ్యేసరికి సెయింట్ లూయిస్‌లో హాకెన్ అన్నదమ్ములు మళ్లీ 50, 54 దగ్గరికి వచ్చారు.

ఉత్తరాన క్రీ, ఒజిబ్వే తెగల ఎంపిక వేరు. హడ్సన్ బే కంపెనీ దగ్గర వాళ్లు కొన్న తుపాకికి గొట్టంలో గాడులు ఉండవు, వెడల్పు 58 కాలిబర్ దగ్గర. రవ్వలు పోస్తే పిట్టకి, గుండు వేస్తే దుప్పికి, రెండు పనులకీ ఒకటే. పక్కన పాము బొమ్మ ఇత్తడి పలక లేకపోతే అది అసలు సరుకు కాదనేవాళ్లు. అంటే ఆదివాసీ ఇచ్చింది పుచ్చుకునేవాడు కాదు, చూసి బేరమాడేవాడు.

కానీ మందు మాత్రం తెల్లవాళ్ల చేతిలోనే ఉండిపోయింది. ఫ్రెంచివాళ్లని ఓడించాక బ్రిటిష్ సేనాధిపతి ఆమ్‌హర్‌స్ట్ తెగలకిచ్చే మందు, సీసం తగ్గించేశాడు. వేట ఆగితే ఇంట్లో పొయ్యి ఆగినట్టే. 1763లో పాంటియాక్ తిరుగుబాటుకి ఉన్న కారణాల్లో అదొకటి. మే నెలలో డెట్రాయిట్ కోటని ముట్టడించారు. చలికాలం దగ్గరపడి, మందు తరిగిపోయి, ఫ్రెంచి సాయం రాదని తేలాక అక్టోబరులో ముట్టడి ఎత్తేయాల్సి వచ్చింది.

మన ఏజెన్సీ కథ కూడా ఇక్కడే కలుస్తుంది. 1878 ఆయుధాల చట్టంతో లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం నేరమైంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు, గాము గంటందొర, మల్లుదొర దళం వరుసగా పోలీసు ఠాణాల మీద ఎందుకు పడిందో ఇప్పుడు ఆలోచించండి. తుపాకులూ, తూటాలూ రెండూ అక్కడే ఉన్నాయి మరి.

మేము నేర్చుకున్నది ఇంతే. పనిముట్టు చేతికి వచ్చినప్పుడు దాని తిండి ఎవరి కొట్లో ఉందో కూడా అడగాలి. ఏటేటా కొనాల్సిన విత్తనం విషయంలోనూ మనం అడగాల్సింది అదే.