శస్త్రవైద్యుని పొరపాటు, రోగి నష్టం : బాధ్యత బీమా చరిత్ర

మా ఊరు బుక్కరాయసముద్రం. అనంతపురం వైపు నుంచి చెరువు కట్ట దాటి వస్తే తగిలే ఊరు. 14వ శతాబ్దంలో మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు ఈ చెరువు కట్టించాడు. దాని ఒక కొసన అనంతసాగరం, ఇంకో కొసన మా ఊరు వెలిశాయి. ఒకసారి కట్ట తెగబోతే ఊరిని కాపాడటానికి బసిరెడ్డి కోడలు ముసలమ్మ బలి అయిందని మా పెద్దలు చెప్పేవారు. కట్టమంచి రామలింగారెడ్డి గారి ‘ముసలమ్మ మరణం’ కావ్యానికి ఆధారం ఈ కథే. తెలుగు సాహిత్యం పాఠాల్లో మీరు దాన్ని త్యాగగాథగా చదివి ఉంటారు. చరిత్ర పాఠంలో దాన్ని ఇంకో విధంగా కూడా అడగవచ్చు: ఊరందరికీ రావలసిన నష్టం ఒక్క మనిషి మీద ఎందుకు పడింది?

బీమా పని దీనికి తలకిందులు. ఒకరి మీద పడిన నష్టాన్ని అది అనేకమంది మీద పంచుతుంది. మన జిల్లా రైతుకు ఈ సంగతి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. 1985 ఖరీఫ్ నుంచి సమగ్ర పంటల బీమా పథకం వచ్చింది, ఆ తరువాత 1999లో జాతీయ వ్యవసాయ బీమా పథకం వచ్చింది. శెనక్కాయ ఎండిపోయిన ఏడాది మా అరుగుల మీద బీమా మాట తప్ప వేరే మాట ఉండేది కాదు. ఆ పథకాల్లో ఒక విశేషం గమనించండి. పంట ఎందుకు పోయింది, తప్పు ఎవరిది అని ఎవరూ అడగరు. ఆ ప్రాంతపు సగటు దిగుబడి ఒక హద్దు కంటే తగ్గిందా లేదా అన్నదే లెక్క.

ఈ పాఠంలో మనం చూడబోయే బీమా అలాంటిది కాదు. శస్త్రవైద్యుడు చేసిన ఆపరేషన్ వికటించి రోగికి హాని జరిగితే, అది వైద్యుని నిర్లక్ష్యం వల్లే జరిగిందని తేలితే, అతను చెల్లించవలసిన పరిహారాన్ని బీమా కంపెనీ చెల్లిస్తుంది. దీన్ని వృత్తి బాధ్యత బీమా అంటారు. మన దేశంలో వాడుక పేరు ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ. పాలసీ తీసుకునేది వైద్యుడు. డబ్బు చివరికి చేరవలసింది రోగికి. మధ్యలో ‘తప్పు’ రుజువు కావాలి. ఈ బీమా చరిత్రలోని చిక్కులన్నీ ఆ చివరి షరతులోనే ఉన్నాయి.

వైద్యుని తప్పుకు శిక్ష అన్న ఆలోచన చాలా పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో, ప్రాణాపాయమున్న చికిత్స అని ముందుగా తెలియజేయకుండా మొదలుపెట్టి రోగి మరణిస్తే వైద్యునికి మొదటి స్థాయి జరిమానా అని, చికిత్సలో చేసిన తప్పు వల్ల మరణిస్తే మధ్యస్థాయి జరిమానా అని ఉంది. ముందుగా తెలియజేయాలన్న ఆ నియమం నేటి ‘సమ్మతి’ సూత్రానికి ఎంత దగ్గరో చూడండి. అయితే అది దండన. పోయినవాని కుటుంబం ఎలా బతకాలన్న ప్రశ్న ఆ సూత్రంలో లేదు.

బీమా రూపం మాత్రం ఇంగ్లండులో తయారైంది. 1885లో అక్కడి వైద్యులు మెడికల్ డిఫెన్స్ యూనియన్ స్థాపించుకున్నారు. 1892లో అలాంటిదే ఇంకొకటి వచ్చింది. ఇవి కంపెనీలు కావు, చందా సంఘాలు. సభ్యుని మీద కేసు వస్తే సంఘం వకీలును పెడుతుంది, అవసరమైతే డబ్బు కడుతుంది. అమెరికాలో 1899లో ఇండియానా రాష్ట్రంలో ఇదే వ్యాపారంగా మొదలైంది. 1970ల నాటికి అక్కడ ప్రీమియాలు ఎంతగా పెరిగాయంటే 1975లో కాలిఫోర్నియాలో మత్తు వైద్యులు పని మానేశారు. ఆ ఏడాదే ఆ రాష్ట్రం ఒక చట్టం చేసి, బాధకు, వేదనకు ఇచ్చే పరిహారాన్ని 2,50,000 డాలర్లకు మించకుండా కట్టడి చేసింది. మన గుంటూరు, కర్నూలు వైద్య కళాశాలల్లో చదివి అమెరికా వెళ్లినవారు అక్కడికి చేరాక మొదట నేర్చుకున్న పాఠాల్లో ఈ ప్రీమియం పాఠం ఒకటి. సెలవుల్లో ఇంటికొచ్చి వారు దాని గురించి చెబుతుంటే ఇక్కడి వైద్యులు నవ్వేవారు. ‘మా దగ్గర రోగి కేసు వేయడు, దండం పెడతాడు’ అని ఒక పెద్ద డాక్టరు అనడం నేను విన్నాను.

ఆ మాటలో కొంత నిజముంది. దండం వెనుక నమ్మకంతో పాటు నిస్సహాయత కూడా ఉందన్నది మిగతా నిజం. వైద్యుడు తగిన నైపుణ్యంతో, జాగ్రత్తతో చికిత్స చేయాలని సుప్రీంకోర్టు 1968లోనే పూణే వైద్యుని కేసులో చెప్పింది. కానీ సివిల్ కోర్టులో పరిహారం అడగాలంటే కోర్టు ఫీజు, వకీలు ఫీజు, ఏళ్ల తరబడి వాయిదాలు. ఎక్కువమంది ఆ గడప ఎక్కనేలేదు. కేసులు లేనిచోట బీమాకూ గిరాకీ ఉండదు.

ఈ స్థితిని మార్చింది 1986 వినియోగదారుల రక్షణ చట్టం. కోర్టు ఫీజు లేకుండా జిల్లా ఫోరంలో ఫిర్యాదు చేసే వీలు వచ్చింది. వైద్యసేవ ఈ చట్టం కిందికి వస్తుందా అన్న వివాదం దాదాపు పదేళ్లు నడిచింది. 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు, ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వేసిన కేసులో, వస్తుందని తేల్చింది. బాధ్యత బీమా మన వైద్యుల ఇళ్లలోకి నడిచి వచ్చింది ఈ తీర్పు వెంటే.

ఇక అప్పటి మన రాష్ట్రంలోనే జరిగిన ఒక కేసును కాస్త నిదానంగా చూద్దాం. 1990 అక్టోబరు 23న హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్)లో 20 ఏళ్ల ఇంజనీరింగు విద్యార్థికి ఛాతీలో ఉన్న గడ్డకు ఆపరేషన్ జరిగింది. గడ్డ వెన్నెముకకు దగ్గరగా ఉంది. ఆపరేషన్ నుంచి లేచేసరికి ఆ యువకుని నడుము కింది భాగం చచ్చుబడింది. 1999లో జాతీయ వినియోగదారుల కమిషన్ 15.5 లక్షల రూపాయల పరిహారం ఇచ్చింది. ఇరుపక్షాలూ సుప్రీంకోర్టుకు వెళ్లాయి. చక్రాల కుర్చీలో కూర్చుని బాధితుడే తన వాదన తాను వినిపించుకున్నాడు.

2009 మే నెలలో వచ్చిన తీర్పులో మీరు ముఖ్యంగా రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది: గడ్డ నుంచి ముక్క తీసి పరీక్షించడానికి మాత్రమే సమ్మతి తీసుకున్నారు, గడ్డనే తొలగించారు. దీనికి సమ్మతి లేదని కోర్టు చెప్పింది. రెండవది: వెన్నెముక పక్కన పని చేసేటప్పుడు నరాల శస్త్రవైద్యుని సలహా, సహాయం తీసుకోలేదు. కోర్టు పరిహారాన్ని కోటి రూపాయలకు పెంచి 6 శాతం వడ్డీ వేసింది. ఆ కోటి ఎలా వచ్చిందో చూస్తే పరిహారం అంటే ఏమిటో అర్థమవుతుంది. సంరక్షణకు నెలకు 4,000 చొప్పున 30 ఏళ్లకు 14.4 లక్షలు. ఫిజియోథెరపీకి నెలకు 3,000 చొప్పున 10.8 లక్షలు. మందులు, డ్రైవరు, కోల్పోయిన ఆదాయం, అనుభవించిన బాధ, ఒక్కొక్కదానికీ ఇలాగే లెక్క. ఇందులో జరిమానా ఏమీ లేదు. ఒక మనిషి ముప్పై ఏళ్ల పాటు కుర్చీలో బతకడానికి అయ్యే ఖర్చు అది. ఆపరేషన్‌కూ చివరి తీర్పుకూ మధ్య మాత్రం పందొమ్మిదేళ్లు గడిచాయి.

ఈ తీర్పు తరువాత, మరీ ముఖ్యంగా 2013లో కోల్‌కతా కేసులో సుప్రీంకోర్టు దాదాపు 6 కోట్లు ఇచ్చిన తరువాత, పాలసీ లేని శస్త్రవైద్యునికి నిద్ర పట్టని పరిస్థితి వచ్చింది. మరి ఆ పాలసీ ఎలా పనిచేస్తుంది? అందులో రెండు అంకెలు ఉంటాయి. ఒక్కో సంఘటనకు కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం ఒకటి, ఏడాది మొత్తానికి ఇచ్చే గరిష్ఠ మొత్తం ఇంకొకటి. కత్తి పట్టని వైద్యుని కంటే శస్త్రవైద్యునికి ప్రీమియం ఎక్కువ. ఆపరేషన్ జరిగిన రోజున పాలసీ ఉంటే చాలదు, రోగి పరిహారం అడిగిన రోజున కూడా అది అమలులో ఉండాలి. పదవీ విరమణ చేశాను కదా అని పాలసీ మానేసిన వైద్యునికి పాత ఆపరేషన్ మీద నోటీసు వస్తే రక్షణ ఉండదు. క్రిమినల్ కోర్టు వేసే జరిమానాను, జైలును ఏ పాలసీ కూడా తీర్చదు. వైద్యుల మీద క్రిమినల్ కేసులకు తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని 2005 ఆగస్టు 5న జాకబ్ మాథ్యూ తీర్పు చెప్పింది. సివిల్ పరిహారానికి ఆ స్థాయి అక్కరలేదు. ఈ తేడా పరీక్షల్లో తరచుగా తప్పు రాస్తారు, జాగ్రత్త.

పాలసీలో ఇంకొక షరతు ఉంది. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా వైద్యుడు తన బాధ్యతను ఒప్పుకోకూడదు. వ్యాపారపరంగా ఇది సహజమే. మనుషుల మధ్య దాని ఫలితం వేరు. నాకు తెలిసిన ఒక శస్త్రవైద్యుడు, ఇప్పుడు లేరు, తన చేతిలో ఒక రోగి పోయినప్పుడు ఆ ఇంటికి పరామర్శకు వెళ్లాలనుకున్నారు. ‘వెళ్తే ఒప్పుకున్నట్టు అవుతుంది’ అని సలహా ఇచ్చారట. వెళ్లలేదు. ఆ కుటుంబం కేసు వేసింది. వెళ్లి రెండు మాటలు మాట్లాడి ఉంటే కేసు వేసేవారు కాదేమోనని ఆయన చివరిదాకా అనేవారు. వైద్యుడిని కాపాడటానికి పుట్టిన కాగితం వైద్యుడికీ రోగికీ మధ్య గోడ కట్టిందని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోనక్కరలేదు.

ఇప్పుడు ఒక్క నిమిషం పుస్తకం పక్కన పెట్టి ఆలోచించండి. బుక్కరాయసముద్రం నుంచి ఇద్దరు రోగులు ఒకే జబ్బుతో బయలుదేరారు. ఒకరు మడి తాకట్టు పెట్టి బెంగళూరు ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లారు. ఇంకొకరు అనంతపురం పెద్దాసుపత్రికి వెళ్లారు. ఇద్దరికీ ఆపరేషన్ వికటించింది. ఎవరు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లగలరు?

1995 తీర్పు ప్రకారం, అందరికీ ఉచితంగా చికిత్స చేసే ఆస్పత్రి సేవ ఆ చట్టం కిందికి రాదు. ఓపీ చీటీకి కట్టే నామమాత్రపు రుసుము లెక్కలోకి రాదు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆస్పత్రిలోనైతే ఉచిత రోగికి కూడా హక్కు ఉంది. బీమా కంపెనీ ఖర్చు భరించిన చికిత్సను ఉచిత సేవ అనకూడదని కూడా కోర్టు చెప్పింది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదట ప్రారంభమైన మూడు జిల్లాల్లో, మహబూబ్‌నగర్, శ్రీకాకుళంతో పాటు, అనంతపురం ఒకటి కాబట్టి ఆ వాక్యం మనకు చాలా ముఖ్యం. పెద్దాసుపత్రికి వెళ్లిన రెండవ రోగికి దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఔరంగాబాదు ప్రభుత్వ ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి కడుపులో తువాలు మరిచిపోయిన కేసులో, సిబ్బంది నిర్లక్ష్యానికి ప్రభుత్వమే బాధ్యత వహించాలని 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయితే అది మళ్లీ సివిల్ కోర్టు దారి.

నిరుపేద రోగికి ఈ బీమా నేరుగా చేరిన చోటు ఒకటుంది. పాఠ్యపుస్తకాలు దాన్ని పెద్దగా పట్టించుకోవు. అది కుటుంబ నియంత్రణ ఆపరేషన్. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఆపరేషన్ చేయించుకున్నవారు వివాహిత స్త్రీలలో పదిమందికి దాదాపు ఏడుగురు. మా ఊళ్లో ఈ మచ్చ లేని ఇల్లు అరుదు. ప్రభుత్వమే ప్రోత్సహించి, ఆరోగ్యవంతురాలిని బల్ల ఎక్కించిన ఆపరేషన్ ఇది. అది వికటిస్తే ఆమెను తప్పు రుజువు చేయమనడం న్యాయమా? 2005 మార్చి 1న రమాకాంత్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు, తమిళనాడు పద్ధతిలో బీమా పథకం పెట్టాలని, అంతవరకు మరణిస్తే లక్ష రూపాయలు చెల్లించాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ ఏడాది నవంబరు 29న కేంద్రం కుటుంబ నియంత్రణ బీమా పథకం తెచ్చింది. 2013 నుంచి బీమా కంపెనీని తప్పించి ప్రభుత్వాలే దాన్ని నడుపుతున్నాయి.

దీని 2013 నాటి నిర్మాణం చూడండి. ఆస్పత్రిలో గాని, ఇంటికి పంపిన 7 రోజుల్లోపు గాని మరణిస్తే 2 లక్షలు. 8 నుంచి 30 రోజుల మధ్య అయితే 50 వేలు. ఆపరేషన్ విఫలమై గర్భం వస్తే 30 వేలు. తప్పు ఎవరిదని అడగరు, శెనక్కాయ బీమాలాగే. అదే పథకంలో శస్త్రవైద్యునికి కూడా రక్షణ ఉంది: కేసుకు 2 లక్షల దాకా, ఏడాదికి నాలుగు కేసులకు మించకుండా. రోగికి తప్పుతో సంబంధం లేని పరిహారం, వైద్యునికి బాధ్యత బీమా, రెండూ ఒకే కాగితంలో ఇమిడాయి. స్వీడన్‌లో 1975 నుంచి రోగుల బీమా, న్యూజిలాండ్‌లో 1974 నుంచి ప్రమాద పరిహార పథకం ఇలాంటి ఆలోచనతోనే నడుస్తున్నాయి. మొత్తాలు మాత్రం చాలా తక్కువ. చిన్నపిల్లల తల్లి ప్రాణానికి 2 లక్షలు పెట్టిన లెక్కను నిమ్స్ తీర్పులోని నెలవారీ లెక్క పక్కన పెట్టి చూడండి.

ఈ పథకం కింద క్లెయిమును సంఘటన జరిగిన 90 రోజుల్లో సమర్పించాలి. ఆపరేషన్ చేసినట్టు ఇచ్చే సర్టిఫికెట్టు, డిశ్చార్జి కాగితం దానికి జతచేయాలి. మా వీధిలో చాలా ఇళ్లలో ఆ కాగితాలు పప్పుడబ్బా కిందో, ట్రంకుపెట్టె అడుగునో ఉంటాయి. కొన్ని ఇళ్లలో అవి అసలు లేవు. మీ ఇంట్లో ఉన్నాయేమో అమ్మనో, వదిననో అడిగి చూడండి. ఈ పాఠం చివరి ప్రశ్నకు జవాబు రాయడానికి ముందు చేయవలసిన పని అదే.